ఇటుకల మీద కూర్చున్నవాళ్లం

వీల్మా నవ్వగా చూసినవాళ్లు మా కొండ మీద తక్కువ. ఆవిడ తిట్లు తిననివాళ్లు అసలు లేరు. పొద్దున్నే ఆ గొంతు లేచిందంటే కుక్కలు కూడా దారిలోంచి తప్పుకునేవి. "గిన్నెలు వరసలో పెట్టి పొండి, మీ మొహాలు నాకు అక్కర్లేదు" అనేది. నిజమే, మా దగ్గర వరసలో నిలబడేది మనుషులు కాదు, గిన్నెలు. మూత పోయిన టిఫిను, పిడి విరిగిన కుక్కరు, కడిగి కడిగి తెల్లబడ్డ నూనె డబ్బా. గిన్నెను చూసి అది ఎవరింటిదో, ఆ ఇంట్లో ఎన్ని నోళ్లున్నాయో వీల్మా చెప్పేస్తుంది. కొత్తగా కోడలొస్తే గిన్నె మారుతుంది. మొగుడు పారిపోతే కూడా మారుతుంది. అడగాల్సిన పని లేదు.

మా కొండ పేరు ఆల్తో ప్రోగ్రెసో. పైనున్న ప్రగతి అని అర్థం. పైన ఉన్నాం, అంతవరకు నిజం. మూడుచక్రాల బండి మెట్ల దగ్గర ఆగిపోతుంది, అక్కణ్ణించి నీళ్లయినా గ్యాసు బండయినా పైకి మోసుకోవాల్సిందే. లీమా నగరం అంతా మా కాళ్ల కిందే ఉంటుంది గానీ కనబడేది ఎండాకాలంలోనే. చలికాలం వస్తే సముద్రం మీంచి మంచు లేచొచ్చి కొండ నెత్తిన కూర్చుంటుంది. దాన్ని వాన అనడానికి లేదు, కాదనడానికీ లేదు. పక్కబట్టలు పిండితే మాత్రం నీళ్లు కారతాయి. ప్లైవుడ్ గోడలు ఉబ్బి, నల్లటి బూజు పట్టి, పిల్లలు ఆ బూజు మీద వేలితో బొమ్మలు గీస్తుంటారు.

వీల్మాది అయకూచో వైపు ఎక్కడో పైన పల్లె. పలక పట్టే వయసులో, దూరపు చుట్టం ఒకావిడ చదివిస్తానని చెప్పి లీమాకి తీసుకొచ్చి ఒక ఇంట్లో పనికి పెట్టింది. ఆ ఇంటి పిల్లల పుస్తకాలకు పట్టిన దుమ్ము దులపడంతోనే వీల్మా చదువు పూర్తయిపోయింది. పెద్దయ్యాక హోల్‌సేల్ మార్కెట్లో మూటలు మోసే ఔరేలియోని కట్టుకుంది. ఇద్దరూ నాలుగు తడికెలు భుజాన వేసుకుని ఈ కొండెక్కారు. అప్పటికి ఇక్కడ మనిషన్నవాడు లేడు, రాళ్లు తప్ప.

ఔరేలియో వింత మనిషి. రోజంతా మూటలు మోసి వచ్చి, మళ్లీ గడ్డపార పట్టుకుని ఇంటి ముందు కొండరాతిని తొలిచేవాడు. "ఎందుకయ్యా అంత వాకిలి, గుర్రాన్ని కడతావా?" అని మేం ఆటపట్టించేవాళ్లం. "మా అమ్మాయి బొంగరం ఆడుకోవడానికి" అనేవాడు. వాళ్ల మాయ్లీ అప్పటికి ఇంకా పాకుతోంది. ఈ వాలు మీద బొంగరం వేస్తే తిరగదు, కిందికి దొర్లిపోతుంది. అలా తొలిచి తొలిచి, కొండ మొత్తానికి సమంగా ఉన్న చోటు ఒక్క వీల్మా వాకిలే అయింది. పాపం అతను చేసింది కూతురి కోసం. అదే పెళ్లాం మెడకు చుట్టుకుంటుందని అతనికేం తెలుసు.

మహమ్మారి వచ్చిన ఏడు ఔరేలియో ఊపిరాడక పోయాడు. ఆ ఏడే పనులన్నీ ఆగిపోయి, ఏ ఇంట్లోనూ వంట పూర్తిగా అయ్యే దారి లేదు. ఒకరింట్లో బియ్యం ఉంటే నూనె లేదు, ఇంకొకరింట్లో ఉల్లిపాయలున్నాయి గానీ గ్యాసు లేదు. అందరివీ ఒకచోట వేసి ఒకే పొయ్యి మీద వండుదాం అన్నాం. దాన్నే ఉమ్మడి కుండ అంటాం. తినే ప్రతి ఇంటి నుంచీ ఒక ఆడమనిషి వంతు ప్రకారం వచ్చి వండాలి. అంత పెద్ద పొయ్యి నిలబడే చోటు వీల్మా వాకిలి ఒక్కటే గనక అక్కడికే పోయాం. మొగుడు పోయిన నల్లబట్టల్లోనే ఉంది ఇంకా మనిషి. "ఒక్క నెల, వదినా" అన్నాం. "సరే, నెల" అంది. ఆ నెల ఇప్పటికీ అవలేదు.

నెలంటే గుర్తొచ్చింది, పొయ్యి ఇంట్లో పెట్టుకోవడమంటే ఏమిటో పెట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది. తలుపు వెయ్యడానికుండదు. ఒంట్లో బాగాలేదని ముసుగుతన్ని పడుకోవడానికుండదు. ఎవరి వంతు వాళ్లు ఎగ్గొడితే ఆ వంతు కూడా నీదే. పొయ్యిలో పెట్టేది మార్కెట్ పెట్టెల చెక్కలు, ఆ పొగ ముందు దూరేది నీ ఇంట్లోకే. మేం వండి, తిని, గిన్నెలు పట్టుకుని మా ఇళ్లకు పోయేవాళ్లం. వీల్మాకి మాత్రం పోవడానికి ఇంకో ఇల్లు లేదు.

ఆ తరవాత ఫుడ్‌బ్యాంకు వచ్చింది. కింద ఊళ్లో ఎవరో ఉద్యోగాలు మానేసిన పెద్దవాళ్లు, నలుగురు చదువుకునే పిల్లలు, జీతం భత్యం లేకుండా నడిపే వ్యవహారం. మార్కెట్ కట్టేసే వేళకి పోయి మిగిలిపోయిన గుమ్మడికాయలు, దెబ్బతిన్న క్యారెట్లు, సంచి చిరిగిన బియ్యం అడిగి తెచ్చి, ఒకళ్ల కారు షెడ్డులో కుళ్లినవీ మంచివీ వేరు చేసి, వారం వారం ఒక పాత బండిలో మా మెట్ల దాకా తెచ్చేవారు. "అప్పివ్వదు, వడ్డీ అడగదు, ఇదేం బ్యాంకే" అని నవ్వుకునేవాళ్లం. బండి తోలేది సెన్యోరా ఓఫేలియా మొగుడు. సెన్యోరా అంటే అమ్మగారు అని. ఆవిడ ఒకప్పుడు మందుల షాపు నడిపింది, ఇప్పుడు ఈ బ్యాంకు నడిపేది ఆవిడే. ఏటా చలికి ముందు ఒకసారి, నొప్పుల మోకాళ్లతో మెట్లెక్కి వచ్చి, వంట ఎలా జరుగుతోందో చూసి, మా చేతి గుమ్మడికాయ కూర తిని పోయేది.

మా పక్క కొండ రెతామాస్. వాళ్లకీ ఉమ్మడి కుండ ఉండేది. మాకన్నా ముందు పెట్టినవాళ్లు, వాళ్లను చూసే మేం నేర్చుకున్నాం. దాని పెద్ద నియెవెస్ అని, మనిషి పొట్టి, నోరు మాత్రం కొండ దాటి వినబడుతుంది. ఆ నియెవెస్ ఒక ఎండాకాలం ఇంటి మీద మేడ లేపింది. ఎర్రటి ఇటుకలు, ఆకాశంలోకి పొడుచుకొచ్చిన ఇనప చువ్వలు, మా వాకిట్లోంచి చూస్తే బాగా కనబడేది. మేడ లేచిన కొన్నాళ్లకే రెతామాస్‌కి బండి పోవడం మానేసింది. అదే వారం మా బండిలో బియ్యం సంచులు పెరిగాయి.

ఇంకేం కావాలి. మాకు లెక్క కుదిరిపోయింది. మేడ చూశారు, వీళ్లు పేదవాళ్లు కారనుకున్నారు, వాటా కోసేశారు, మాకిచ్చారు. ఎవరూ ఎవర్నీ అడగలేదు. అడిగితే ఎక్కడ మాదీ పోతుందోనని భయం.

వీల్మా అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "చూశారుగా. ఈ కుండ తినే ఇళ్లలో ఎవరూ గోడ కట్టొద్దు, రంగు వెయ్యొద్దు. మనం బాగున్నామని కంటపడితే మొత్తం కొండ పస్తు." అప్పుడు జొరైడా లేచి గొడవ పడింది. జొరైడా మా వరసలో మూడో ఇల్లు, పెళ్లంత ఘనంగా చేసే కూతురి పదిహేనో పుట్టినరోజుకి ముందు గోడకి పసుప్పచ్చ రంగు వెయ్యాలని డబ్బా కూడా తెచ్చుకుంది. "రంగే కదా వదినా, బంగారం తాపడమా?" అంది. వీల్మా ఒప్పుకోలేదు. ఆ పిల్ల గులాబీ గౌనులో, బూజుగోడ ముందు నిలబడి ఫొటోలు దిగింది. రంగు డబ్బా మంచం కింద గడ్డకట్టింది. జొరైడా పైకి ఏమీ అనలేదు, లోపల మాత్రం దాచుకుంది.

నియెవెస్ మార్కెట్లో ఎదురైతే మేం మొహాలు తిప్పుకునేవాళ్లం. ఒకసారి వీల్మా ఊరుకోలేక, "ఏం నియెవెస్, మేడ దిగొచ్చావే, కాళ్లు నొప్పిపుట్టలేదూ?" అంది. మేం పక్కన కిసకిసలాడాం. నియెవెస్ కూడా నవ్వింది. "మీ పిల్లలు బాగున్నారా?" అని అడిగి తన దారిన పోయింది. సిగ్గు లేదు చూడు అనుకున్నాం.

ఇలా ఉండగా మాయ్లీకి దగ్గు పట్టుకుంది. అప్పటికి పదమూడో ఏడు. మామూలు దగ్గే అనుకున్నాం, ఇక్కడ చలికాలంలో దగ్గని పిల్లలు ఎవరు. ఆ పిల్ల గడ్డం కింద ఎముకలు తేలాక, దుప్పటి మీద నెత్తురు మరక కనబడ్డాక, వీల్మా ఎత్తుకుని పరిగెత్తింది. క్షయ అన్నారు. నెలల తరబడి మాత్రలు మింగించారు. నర్సు ఎదురుగా నిలబడి మింగిస్తుంది, దాచి పారెయ్యడానికుండదు. మాత్రలు పూర్తయ్యాక డాక్టరమ్మ వీల్మాని పక్కకు పిలిచి చెప్పింది. "పురుగు చచ్చింది. ఊపిరితిత్తులు మాత్రం తడిసిన కాగితంలా ఉన్నాయి. పొగ తగలకూడదు, తేమ తగలకూడదు. వచ్చే చలికాలానికి పొడిగా ఉండే గది లేకపోతే ఈ పిల్లను మళ్లీ నా దగ్గరికి తెస్తావు, ఈసారి ఏం చెయ్యగలనో నాకు తెలీదు."

పొడి గది వీల్మా దగ్గర ఉంది. ఇల్లుగా కాదు, గుట్టగా ఉంది. మా కొండ మీద బీరువాలుండవు, ఇటుకల గుట్టలుంటాయి. ఏ వారం ఏం మిగిలితే అన్ని ఇటుకలు కొని, వీపున శాలువాలో కట్టుకుని మెట్లెక్కి తెచ్చి వాకిట్లో పేర్చుకుంటాం. ఔరేలియో ఉన్నప్పుడు మొదలుపెట్టిన గుట్ట అది. అతను పోయాక వీల్మా కింద ఊళ్లో బట్టలుతికి ఇంకొన్ని చేర్చింది. ఒక గదికి సరిపడా ఉన్నాయి. పైన నీలం ప్లాస్టిక్ షీటు కప్పి, దాని మీద రాళ్లు పెట్టింది. ఆ గుట్టకీ, మాయ్లీ పడుకునే మంచానికీ మధ్య ప్లైవుడ్ ముక్క ఒక్కటే అడ్డం. పొయ్యి ఇంకో పక్క.

ఎండాకాలం చివర్లో ఒక పొద్దున, అందరం బఠాణీలు వలుస్తుంటే వీల్మా నోరు విప్పింది. అంత మెత్తటి గొంతు ఆవిడ దగ్గర నేనెప్పుడూ వినలేదు.

"చలి రాకముందు ఆ గది లేపుకుందామనుకుంటున్నా. మేస్త్రీ దొరికాడు."

బఠాణీలు గిన్నెలో టపటపా పడుతూనే ఉన్నాయి.

"మాయ్లీ కోసం" అంది మళ్లీ.

"కట్టుకో వదినా, కాదనేదెవరు?" అంది జొరైడా, చేతిలో కాయ మీంచి కళ్లెత్తకుండా. "నీ ఇటుకలు, నీ ఇల్లు. కాకపోతే నా గోడకి రంగొద్దన్న నోరు కూడా నీదే."

"రంగు వేరు, రోగం వేరు."

"మనకి వేరే. బ్యాంకు వాళ్లకి రెండూ గోడే."

"చిన్న గదే జొరైడా."

"నియెవెస్‌ది కూడా చిన్న మేడే. అయినా నీ ఇల్లంటే ఉత్త ఇల్లా, కుండ ఉన్న ఇల్లు. ఆ సెన్యోరా మెట్లెక్కి వచ్చి మొట్టమొదట చూసేదే నీ గోడ."

వీల్మా ఒక్కొక్కళ్ల మొహంలోకీ చూసింది. వద్దని ఎవరూ అనలేదు. సరేనని కూడా ఎవరూ అనలేదు. నాకు ఒళ్లు మండింది. మండి ఏం చేశాను, బఠాణీలు వలిచాను. మా ఇంట్లో ముగ్గురు మనవలు, కొడుకు పని ఉంటే ఉంది లేకపోతే లేదు. ఆ నూనె డబ్బా గిన్నె మాదే.

గిన్నెలన్నీ వెళ్లిపోయాక నేనూ ఆవిడా కుండ తోముతూ కూర్చున్నాం. లోపల మాయ్లీ దగ్గుతోంది. ఆ పిల్లకి దగ్గంటే సిగ్గు. ఎవరైనా ఉంటే తలగడలో మొహం పెట్టుకుని దగ్గుతుంది.

"నాతీ, ఒక్కోసారి ఈ కుండని ఎత్తి కొండ మీంచి దొర్లించెయ్యాలనిపిస్తుంది" అంది వీల్మా.

"దొర్లించు. నేనూ ఒక చెయ్యి వేస్తా."

"దొర్లిస్తే సాయంత్రానికి పస్తుండేది ముందు మా పిల్లే. గది కడితే తిండి పోతుంది, కట్టకపోతే పిల్ల పోతుంది. ఎటు తిరిగినా గోడే, ఒక్కటీ ఇటుకది కాదు."

"ఆ సెన్యోరానే అడిగితే?"

"అడగ్గానే తెలిసిపోదూ, ఇటుకలున్నాయని." కాసేపు పీచుతో అడుగంటిన మాడు గీకింది. "ఈ మాట పెట్టింది నేనే నాతీ. జొరైడాని ఆపింది నేనే. ఇప్పుడు నా పిల్లకొచ్చేసరికి వేరే మాట ఎట్లా చెప్పను?"

నేను కుండలో ఇంకో చెంబు నీళ్లు పోశాను. కక్కలేక మింగలేక ఎండాకాలం అలాగే అయిపోయింది. మంచు ఒక రోజు కింద లోయలోకి వచ్చి ఆగింది, మర్నాడు మెట్ల సగానికి ఎక్కింది. వీల్మా రోజూ దాన్నే చూస్తూ గరిటె తిప్పేది. మాయ్లీ రెండు స్వెట్టర్లు వేసుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు వచ్చింది కబురు. సెన్యోరా ఈ ఆదివారం కొండెక్కుతోందని.

మా కొండ పేదది. ఆ వారం మాత్రం ఉన్నదానికంటే పేదగా కనబడటానికి మేం పడ్డ పాట్లు చెబితే నవ్వుతారు. టీవీలు మంచాల కిందికి పోయాయి. జొరైడా తన ఫ్రిజ్ మీద దుప్పటి కప్పి, దాని మీద మేరీమాత బొమ్మ పెట్టి, కొవ్వొత్తి వెలిగించింది. పూజాపీఠం అట. లోపల ఐస్ కరిగి మేరీమాత కాళ్ల కింద నుంచి నీళ్లు కారాయి. మా మనవడి కొత్త బూట్లు విప్పించి పాత చెప్పులు తొడిగిస్తే వాడు ఏడ్చాడు. వాడు ఏడుస్తుంటే, "బాగుంది, అలాగే ఉండనీ" అని ఎవరో అన్నారు.

మిగిలింది ఇటుకల గుట్ట. ఇదివరకు ఇంత లేదు, షీటు కింద సామాన్లనుకునేవారు. అంత గుట్టని మంచం కింద పెట్టలేం. జొరైడాకే ఐడియా వచ్చింది. షీటు మీద దుప్పట్లు పరిచి, అందరం పొడుగు లంగాలు వేసుకుని వరసగా దాని మీద కూర్చుందాం, చేతిలో బంగాళాదుంపలు పట్టుకుని చెక్కు తీస్తూ ఉందాం, అరుగు అనుకుంటుంది అంది. సరేనన్నాం. కూర్చుని చూసుకున్నాం కూడా. ఇటుకల మొనలు గుచ్చుకుంటున్నాయి గానీ కనబడటం లేదు. వీల్మా గరిటె పట్టుకుని కుండ దగ్గర నిలబడి మా వైపు చూస్తోంది. తన కూతురి గోడల మీద మేం బరువుగా సర్దుకుని కూర్చున్నాం.

ఆదివారం పొద్దున జొరైడా ఇంకో మాట కూడా అంది. మాయ్లీని పిలిచి, జడ సవరించి, ముద్దుగానే చెప్పింది.

"తల్లీ, సెన్యోరా వచ్చినప్పుడు నువ్వు లోపల దాక్కోకు. ఇదిగో, ఈ పీట మీద, ఆవిడకి దగ్గరగా కూర్చో. దగ్గొస్తే ఆపుకోకు, సరేనా? ఎంతొస్తే అంత దగ్గు."

మాయ్లీ అమ్మ వైపు చూసింది. వీల్మా విన్నది. ఆవిడ విన్నదని నాకు తెలుసు, గరిటె ఆగింది. తల దించుకుని మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది. వీల్మా కోపం చూశాను, ఏడుపు కూడా చూశాను. అలా తలదించుకోవడం మాత్రం అంతకుముందు చూడలేదు.

సెన్యోరా ఓఫేలియా ప్రతి మలుపులోనూ ఆగి, ఊపిరి తీసుకుని, వెనక మొగుడు మోస్తున్న ఉల్లిపాయల సంచితో పైకి వచ్చింది. మంచు ఆవిడతో పాటే ఎక్కింది. మేం వరసగా కూర్చుని దుంపలు చెక్కుతున్నాం, ఒక్కళ్లం కూడా లేచి ఎదురెళ్లలేదు. ఎప్పుడూ కౌగిలించుకునేవాళ్లం ఇవాళ ఇలా బిగుసుకుపోయామేమిటని ఆవిడకు అనిపించే ఉంటుంది.

"ఏమ్మా, అందరూ అలిగారా?" అంది నవ్వుతూ.

"కాళ్లు నొప్పులు సెన్యోరా" అంది జొరైడా.

"మీకేనా, నాకు లేవా? కాస్త జరుగు, నేనూ కూర్చుంటా."

జొరైడా జరగలేదు. జరిగితే దుప్పటి జారుతుంది. "మీకు కుర్చీ తెప్పిస్తా, ఇది గుచ్చుకుంటుంది" అంది. కుర్చీ వచ్చింది. సెన్యోరా కూర్చుంది, కూర రుచి చూసింది, ఉప్పు సరిపోయిందంది. గుమ్మడికాయలు ఈ వారం బాగున్నాయా అని అడిగింది. పొయ్యి పొగ ఆ మంచులో పైకి పోలేక వాకిట్లోనే తిరుగుతోంది.

మాయ్లీ పీట మీద ఉంది. ఆవిడకి చెయ్యి చాపితే అందేంత దగ్గరలో. పొగ మొహానికి తగిలింది. ఆ పిల్ల భుజాలు ఒకసారి ఎగిరాయి. జొరైడా నా పక్కటెముకల్లో మోచేత్తో పొడిచింది. మేమంతా దుంపలు చెక్కడం ఆపేశాం.

పిల్ల దగ్గలేదు. పెదాలు బిగబట్టింది. మెడ నరాలు పొంగాయి, మొహం ఎర్రబడి ముదురు రంగులోకి తిరిగింది, కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా కారాయి. రెండు చేతులతో పీటని పట్టుకుని, ఎదురుగా ఎక్కడో మంచులోకి చూస్తూ, లోపల్నుంచి వస్తున్నదాన్ని మింగుతోంది. రోజూ సిగ్గుతో ఆపుకునే పిల్ల. ఇవాళ ఆపుకుంటున్నది సిగ్గుతో కాదు, అది చూస్తేనే తెలుస్తోంది. తన దగ్గుని మాకివ్వనంటోంది.

గరిటె కుండలో పడిన చప్పుడు వినబడింది.

"లేవండి" అంది వీల్మా.

ఎవరూ కదల్లేదు.

"జొరైడా, లే. నాతీ, లే. నా ఇటుకల మీంచి లేవండి."

నేను లేచాను. ఒకరి తరవాత ఒకరం లేచాం, ఒళ్లో చెక్కులు కింద పడ్డాయి. వీల్మా దుప్పట్లు లాగేసింది, రాళ్లు తోసేసింది, నీలం షీటు చివర పట్టుకుని మొత్తం లాగి అవతల పారేసింది. తడికి ఇటుకలు ముదురెర్రగా ఉన్నాయి.

"ఇవి ఇటుకలు సెన్యోరా. నావి. నా మొగుడూ నేనూ కొన్నవి. ఒక గదికి సరిపోతాయి. నా కూతురికి ఊపిరితిత్తులు పోతున్నాయి, పొడి గది కావాలి. గోడ లేపితే మా బండి ఆపేస్తారా? ఆపేసేటట్టయితే ఇప్పుడే చెప్పండి, వీళ్లందరి ముందూ చెప్పండి. ఇక నావల్ల కాదు."

సెన్యోరా చేతిలో గిన్నె అలాగే ఉంది. "ఇటుకలకీ బండికీ ఏంటమ్మా సంబంధం?"

"రెతామాస్‌కి ఆపేశారు కదా. మేడ కట్టినందుకు."

ఆవిడ మొగుడి వైపు చూసింది. అతను ఉల్లిపాయల సంచి వైపు చూశాడు.

"చెప్పొద్దంది" అన్నాడు మెల్లగా.

"ఇప్పుడైనా చెప్పకపోతే ఎట్లా?" అని సెన్యోరా గిన్నె కింద పెట్టింది. "మేం ఆపలేదు. నియెవెస్సే మా షెడ్డుకి వచ్చింది. మా ఇళ్లల్లో పొయ్యిలు వెలుగుతున్నాయి, ఆడవాళ్లం కలిసి రొట్టెల బట్టీ పెట్టుకున్నాం, ఇక మాకు బండి అక్కర్లేదంది. మా వాటా పక్క కొండకివ్వండి, అక్కడ వీల్మా అని మొగుడు పోయిన మనిషి కుండ నడుపుతోంది, వాళ్లకి చాలడం లేదు అంది. ఎవరిచ్చారో చెప్పకండి, పక్క కొండ తిండి తింటున్నామని వాళ్లు చిన్నబుచ్చుకుంటారు అని కూడా అంది. మీకు పెరిగిన బియ్యం వాళ్లది."

మార్కెట్లో నియెవెస్ నవ్విన నవ్వు నా కళ్ల ముందుకొచ్చింది. మీ పిల్లలు బాగున్నారా అని అడిగింది. ఆ మాట పైపైకి అడగలేదు ఆవిడ.

"ఇన్నేళ్లూ..." అంది జొరైడా. నోటికి శాలువా అంచు అడ్డం పెట్టుకుంది.

వీల్మా ఏడవలేదు, అరవలేదు. తడి ఇటుకల మీదే కూలబడింది. "ఎవరూ ఆపలేదు" అంది. "ఎవరూ నన్ను ఆపలేదన్నమాట. నా నోటితో నేనే చెప్పాను. మీ అందరికీ నేనే చెప్పాను. పోయిన చలికాలమంతా నా పిల్ల ఆ చెక్క వెనకాలే పడుకుంది."

అప్పుడు మాయ్లీ దగ్గింది. అంతసేపు పంటి బిగువున పట్టి ఉంచినదంతా ఒక్కసారిగా వచ్చింది. పీట మీంచి ముందుకు ఒరిగిపోయింది. వీల్మా ఒక్క గెంతులో వెళ్లి పట్టుకుంది. వీపు నిమురుతూ, "దగ్గు తల్లీ, దగ్గు, ఎవరూ చూడట్లేదు" అంది. నిజంగానే మేమెవ్వరం సెన్యోరా మొహం వైపు చూడలేదు. ఎండిన, గరగరలాడే దగ్గు, ఎక్కడో అడుగు నుంచి గీకినట్టు వస్తోంది, ఆగడం లేదు.

"జొరైడా, మేస్త్రీ దగ్గరికి వెళ్లు" అంది వీల్మా తల ఎత్తకుండానే. జొరైడా పరిగెత్తింది, ఆ నొప్పులన్న కాళ్లతోనే, మంచులో మెట్లు కనబడకపోయినా. మిగిలినవాళ్లం ఇటుకల చుట్టూ నిలబడ్డాం. ఆ దగ్గు తగ్గేదాకా ఒక్కళ్లం కూడా మళ్లీ కూర్చోలేదు.